రిపోర్టులన్నీ నార్మలే అయితే మరి ఈ నొప్పి ఎక్కడిది?

ప్రశ్న క్లుప్తంగా ఇది. అడిగిన అమ్మాయి బీటెక్ మూడో సంవత్సరం, కాకినాడలో హాస్టల్లో ఉంటుంది, సొంతూరు అమలాపురం దగ్గర పల్లె. నాలుగు నెలలుగా కడుపులో మంట, వారంలో మూడు నాలుగు రోజులు తలనొప్పి, రాత్రి పడుకోగానే గుండె దడ. నెలసరి కూడా తప్పుతోంది. నిద్ర పట్టేసరికి రెండో మూడో అవుతోంది. రెండు బ్యాక్‌లాగ్‌లు (పాసవకుండా మిగిలిన సబ్జెక్టులు) ఉన్నాయి. ఎండోస్కోపీ, ఈసీజీ, కడుపు స్కానింగ్ అన్నీ నార్మల్. డాక్టరుగారు 'టెన్షన్ తగ్గించుకోమ్మా' అన్నారు. ఇంట్లో 'ఆ ఫోన్ పక్కన పడేస్తే అన్నీ తగ్గుతాయి' అంటున్నారు. చివర్లో ఇలా రాసింది: 'నాకు నిజంగా నొప్పి ఉందా, లేక చదువు తప్పించుకోవడానికి నేనే ఊహించుకుంటున్నానా?'

నేను జనరల్ మెడిసిన్ డాక్టర్ని. గోదావరి జిల్లాల్లో ఇరవై ఏళ్ళు దాటిన ప్రాక్టీసు. అందులో పదిహేనేళ్ళు సాయంత్రాలు ఒక కాలేజీ డిస్పెన్సరీలో కూర్చున్నాను. నా కూతురి ఈడుదానివి కాబట్టి 'నువ్వు' అనే రాస్తున్నానమ్మా, ఏమీ అనుకోకు.

ముందు ఆ చివరి మాటకు జవాబు చెప్తాను. నీ నొప్పి నిజం. 

కోనసీమ పిల్లవి, నీకు ఇది తెలిసే ఉంటుంది. దాళ్వాకి, అంటే రెండో పంటకి, గోదావర్లో నీళ్ళు తగ్గితే కాలువలకు వంతులు పెడతారు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ఉన్న కాసిన్ని నీళ్ళూ ముందు ఎవరికి ఇవ్వాలో లెక్కేసి వదులుతారు. శివారు చేలు ఎండుతాయి. ఆ శివారు రైతు మట్టి పరీక్ష చేయిస్తే అంతా బాగానే ఉందని వస్తుంది, చేలో తెగులూ ఉండదు, అయినా పైరు వాడిపోతుంది. నీ రిపోర్టులు కూడా అలాంటివే. ప్రమాదం ఉందని మెదడు అనుకున్నప్పుడు అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు ఎక్కువవుతాయి. ముందు వంతు గుండెకీ కండరాలకీ వెళ్తుంది. అరుగుదల, నిద్ర, నెలసరి శివారు చేలు. ఎదురుగా కుక్క మీదకొస్తే ఇది మంచి ఏర్పాటే, పది నిమిషాల్లో పని అయిపోతుంది. నాలుగు నెలలు అదే వంతు నడిస్తేనే కష్టం.

పేగుల గోడల్లో పది కోట్లకు పైగా నాడీకణాలు ఉంటాయి. వాటికీ మెదడుకీ మధ్య రెండు వైపులా కబుర్లు నడుస్తూనే ఉంటాయి. నిద్రలేమి, దిగులు ఎక్కువైనప్పుడు ఆ నరాలు మామూలు కదలికను కూడా మంటలా, పొడుపులా చెప్తాయి. ఎండోస్కోపీలో పుండు ఉంటే కనిపిస్తుంది. నరం ఎంత సున్నితంగా మారిందో కెమెరాకి కనపడదు. దీనికి ఫంక్షనల్ డిస్పెప్సియా అని పేరు కూడా ఉంది. పేరున్న జబ్బే, మందులూ ఉన్నాయి. 'ఏమీ లేదు' అనడం సరికాదు.

ఇంత చెప్పినా, 'టెన్షన్' అని తేల్చేయడానికి నేను ఒప్పుకోను. ఇది నా తప్పు నుంచి నేర్చుకున్నది. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో డిగ్రీ చదివే ఒకమ్మాయి అచ్చం నీలాగే దడ, తలనొప్పి, పైగా నీరసం అని వచ్చింది. పరీక్షల సీజను. నేను నాడి చూసి, నాలుగు ధైర్యవచనాలు చెప్పి, విటమిన్ మాత్రలు రాసి పంపాను. రెండు నెలల తర్వాత కాలేజీ మెట్ల మీద పడిపోతే తీసుకొచ్చారు. హిమోగ్లోబిన్ 6.8. ఆడపిల్లలకు 12 ఉండాలి. ఆ పిల్లకి నెలసరిలో రక్తస్రావం ఎక్కువ, నేను అడగలేదు, తను చెప్పలేదు. ఆ రోజు నుంచి రక్తపరీక్ష చూడకుండా 'టెన్షన్' అనే మాట నా నోట రానివ్వను.

నువ్వు రాసిన లిస్టులో ఎండోస్కోపీ ఉంది కానీ రక్తపరీక్షలు లేవు, గమనించావా? వేల రూపాయల పరీక్ష చేయించారు, వందల్లో అయ్యేది వదిలేశారు. సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), విటమిన్ బీ12, షుగర్ చేయించుకో. థైరాయిడ్ ఎక్కువ పనిచేసినా దడ, నిద్ర పట్టకపోవడం, నెలసరి తేడాలు వస్తాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ మధ్య స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే మీ హాస్టల్ గదిలో నలుగురు ఉంటే ఇద్దరికి ఉన్నా ఆశ్చర్యం లేదు. నెలసరి సంగతికి గైనకాలజిస్టు దగ్గరికి వెళ్ళు. ఆవిడ అడిగిన వాటికి దాచకుండా జవాబు చెప్పు, అమ్మ పక్కన ఉంటే ఇబ్బందైతే కాసేపు బయట కూర్చోమని అడగడం తప్పేమీ కాదు.

ఇంకో ప్రశ్న. తలనొప్పికి ఏం వేసుకుంటున్నావు? నువ్వు రాయలేదు కానీ నేను పందెం కాస్తాను, హాస్టల్ సందు చివర మెడికల్ షాపులో రెండు మాత్రలు చించి ఇస్తున్నారు. ఖాళీ కడుపుతో డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు వేసుకుంటే కడుపులో మంట రాక ఏమవుతుంది? ఆ మంటకి పొద్దున్నే గ్యాస్ మాత్ర. గ్యాస్ మాత్ర ఏళ్ళ తరబడి వాడితే బీ12 ఒంటికి పట్టడం తగ్గుతుంది, దాంతో నీరసం. ఇంకా ఘోరం ఏమిటంటే, మామూలు నొప్పి మాత్రలు నెలలో 15 రోజులు, రెండు మూడు మందులు కలిపిన మాత్రలైతే 10 రోజులు దాటి మూడు నెలలకు పైగా వాడితే, ఆ మాత్రల వల్లే తలనొప్పి రావడం మొదలవుతుంది. ఈ చుట్టులో పడి తిరిగే పిల్లల్ని ఎంతమందిని చూశానో లెక్కలేదు. నెలకు ఎన్ని వేసుకుంటున్నావో క్యాలెండర్ మీద గీతలు పెట్టి లెక్కపెట్టు.

కొన్ని లక్షణాలుంటే ఇవన్నీ పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి: ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, వాంతిలో రక్తం, తారులా నల్లటి విరేచనం, నిద్రలోంచి లేపేసే కడుపునొప్పి, మెట్లెక్కుతుంటే స్పృహ తప్పడం, పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా వచ్చే తలనొప్పి, తలనొప్పితో పాటు వాంతులు, చూపు మసకబారడం. నువ్వు రాసినదాంట్లో ఇవేవీ లేవు, కాబట్టి కంగారు పడకు.

ఇప్పుడు నిద్ర. నా అనుభవంలో కాలేజీ పిల్లల జబ్బుల్లో మొదట సరిచేయాల్సింది ఇదే, అందరూ చివరికి వదిలేసేదీ ఇదే. 'టెన్షన్ తగ్గితే నిద్ర పడుతుంది' అని ఎదురుచూస్తారు. నేను తిరగేసి చెప్తాను. నిద్ర వేళకు వస్తే టెన్షన్‌లో సగం దానంతట అదే దిగుతుంది.

మీ వయసులో ఒంట్లో గడియారం ఆలస్యంగానే నడుస్తుంది. జీవితం మొత్తంలో 20 ఏళ్ళ దగ్గరే అది బాగా వెనకబడి ఉంటుంది, తర్వాత మెల్లగా ముందుకు జరుగుతుంది. పదింటికి నిద్ర రాకపోవడం బద్ధకమూ కాదు, పొగరూ కాదు. మీ నాన్నగారు నాలుగున్నరకే లేస్తున్నారంటే ఆయన గడియారం వేరు. కాలేజీ గంట మాత్రం నీ గడియారం చూసి మోగదు కదా. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఐదు గంటల నిద్ర, ఆదివారం మధ్యాహ్నం పన్నెండు దాకా పడక. ఆదివారం అలా లేస్తే సోమవారం రాత్రి పదకొండుకి నిద్ర ఎలా వస్తుంది? ప్రతి వారం విమానమెక్కి ఏ దుబాయో వెళ్ళొచ్చినట్టే అవుతుంది ఒంటికి.

పడుకునే టైము నీ చేతిలో లేదు, లేచే టైము ఉంది. అందుకని లేచే టైము పట్టుకో. ఆరున్నర అనుకో. ఆదివారమైనా, రాత్రి రెండింటికి పడుకున్నా ఆరున్నరకే లే, ఏడున్నరకి మించి జరపకు. లేచిన అరగంటలో బయట వెలుతురులోకి రా. డాబా మీదో, వరండాలోనో ఇరవై నిమిషాలు నడువు, ఫోన్లో పాటలు వింటూనైనా సరే. రాత్రి నిద్ర ఎప్పుడు రావాలో ఒంటికి చెప్పేది ఆ పొద్దుటి వెలుగే. మొదటి నాలుగైదు రోజులు నరకంలా ఉంటుంది, ముందే చెప్తున్నాను. ఆ రోజుల్లో మధ్యాహ్నం ఇరవై నిమిషాలు కునుకు తీయొచ్చు, మూడు దాటాక వద్దు.

టీ, కాఫీ మధ్యాహ్నం రెండు తర్వాత మానేయి. కాఫీలో ఉండే కెఫీన్ ఐదు గంటలకి సగమే తగ్గుతుంది. రాత్రి ఏడింటికి క్యాంటీన్లో తాగిన దాంట్లో సగం పన్నెండింటికి ఇంకా ఒంట్లోనే తిరుగుతుంటుంది. టీ భోజనం చేసిన వెంటనే తాగితే ఇనుము ఒంటికి పట్టనివ్వదు కూడా, గంట ఆగి తాగు.

హాస్టల్లో ఇంకో చిక్కు ఉంది. మంచమే బల్ల, మంచమే భోజనాల గది, మంచమే సినిమా హాలు. మంచం ఎక్కగానే పడుకోవాలో, ఫ్లూయిడ్ మెకానిక్స్ చదవాలో మెదడుకి తెలియదు. చదువు లైబ్రరీలోనో కుర్చీలోనో పెట్టుకో. పడుకున్న ఇరవై నిమిషాలకి నిద్ర రాకపోతే లేచి వరండాలో కూర్చో, నిద్ర ముంచుకొచ్చినప్పుడే తిరిగి మంచం ఎక్కు. నిద్రలేమికి ఇచ్చే మానసిక చికిత్సలో ఇది ముఖ్యమైన భాగం. ఒక దోమతెర కూడా కొనుక్కో తల్లీ. కాలువల దేశంలో ఉంటూ దోమలు కుట్టి లేవడాన్ని కూడా స్ట్రెస్ ఖాతాలో రాసేస్తున్నారు ఈ మధ్య.

నైటౌట్ గురించి రెండు మాటలు. వరసగా 17 గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషితో సమానమని పరిశోధనల్లో తేలింది. మన దేశంలో బండి నడపడానికి చట్టం ఒప్పుకునే హద్దు 0.03. పరీక్ష హాల్లో తప్పులు పోతే సప్లీ రాసుకోవచ్చు. ఎక్స్‌టర్నల్స్ చివరి రోజున రాత్రంతా మేలుకున్న మగపిల్లలు మధ్యాహ్నమే బైకులెక్కి యానాం వంతెన మీదుగా ఊళ్ళకి బయల్దేరుతారు, నా భయమంతా అది. చదివింది గుర్తుగా స్థిరపడేది నిద్రలోనే. తెల్లవారుజామున నాలుగింటి దాకా చదివి వదిలేసిన యూనిట్ ఆరింటికి గుర్తుండకపోతే నీ తెలివి తక్కువై కాదు.

గుండె దడ సంగతి. ఒక రాత్రి పన్నెండింటికి ఒక కుర్రాణ్ణి ముగ్గురు స్నేహితులు మోసుకొచ్చారు. 'గుండెపోటు సార్' అంటున్నారు. చెమటలు, చేతులు తిమ్మిర్లు, చచ్చిపోతున్నానని ఏడుపు. ఈసీజీ శుభ్రంగా ఉంది. ఆ వేళ తిన్నది మధ్యాహ్నం రెండు బజ్జీలు, తాగింది రెండు ఎనర్జీ డ్రింకులు, తెల్లారితే వైవా. అది పానిక్ అటాక్. పది నిమిషాల్లో తారస్థాయికి వెళ్ళి అరగంటలో దిగిపోతుంది, ప్రాణానికి ప్రమాదం లేదు. నీకు పడుకోగానే వచ్చే దడ కొంతవరకు ఈ జాతిదే అనిపిస్తోంది, థైరాయిడ్, రక్తం బాగున్నాయని తేలాకే ఖాయంగా అనగలను. వచ్చినప్పుడు నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చు, ఆరో ఏడో లెక్కపెడుతూ వదులు. వదిలేది పొడుగ్గా ఉండాలి, కిటుకంతా అక్కడే. ఐదు నిమిషాలు చాలు.

తిండి గురించి ఎక్కువ చెప్పను, నీకు తెలియనిదేమీ కాదు. పొద్దున టిఫిన్ మానేసి పన్నెండున్నర దాకా ఖాళీ కడుపుతో ఉండటం, రాత్రి మెస్ కూర నచ్చక కర్రీ పాయింట్ నుంచి నూనె తేలే వేపుడు తెచ్చుకోవడం ఆపితే మంట చాలావరకు తగ్గుతుంది. బస్సు ఆగినప్పుడల్లా రావులపాలెంలో అరటి గెలలు చూసేదానివి, గదిలో అరడజను అరటిపళ్ళు పెట్టుకోవడానికి ఏం కష్టం? పెసరట్టు, గుడ్డు, పప్పు, మజ్జిగ, ఇంటికెళ్ళినప్పుడు చేపల పులుసు. ఆకుకూర మీద నిమ్మరసం పిండుకుంటే ఇనుము బాగా పడుతుంది. అన్నం పచ్చడితోనే పొట్ట నింపేస్తే కండకీ రక్తానికీ ఏమీ మిగలదు.

నీళ్ళ గురించి మాత్రం ఆడపిల్లలకి గట్టిగా చెప్తాను. కాలేజీలో బాత్‌రూములు బాగుండవని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్ళు తాగరు. బస్సుల్లో ఊళ్ళ నుంచి వచ్చే పిల్లలైతే మరీను. మన ఉక్కపోతలో ఇలా ఉంటే మధ్యాహ్నానికి తలనొప్పి రాక మానదు, పైగా యూరిన్ ఇన్ఫెక్షన్లు. బాత్‌రూము బాగులేదని పదిమంది కలిసి కాగితం రాసి ప్రిన్సిపాల్ గారికి ఇవ్వండి. అది కూడా వైద్యమే.

ఇక మనసు. నువ్వు బ్యాక్‌లాగ్‌ల గురించి ఒక్క ముక్కలో రాసి దాటేశావు. అసలు బరువు అక్కడుందని నా అనుమానం. మన పిల్లల్లో చాలామంది ఇంటర్ రెండేళ్ళూ పొద్దున ఐదింటికి ఎవరో లేపితే లేచి, రాత్రి పది దాకా ఎవరో కూర్చోబెడితే చదివినవాళ్ళే. అక్కడి నుంచి బీటెక్‌కి రాగానే ఎవరూ లేపరు, ఎవరూ అడగరు. తన రోజుని తానే అమర్చుకోవడం ఆ పిల్లకి ఎవరు నేర్పారు? ఫస్టియర్లో ఒక సబ్జెక్టు పోతుంది. ఊళ్ళో పెళ్ళికెళ్తే 'ఎన్ని బ్యాక్‌లాగ్‌లమ్మా' అని పెద్దనాన్నలు అడుగుతారు. దాంతో ఆ పుస్తకం తెరిస్తేనే కడుపులో తిప్పుతుంది. మూసేస్తే హాయిగా ఉంటుంది. ఆ హాయే అసలు ఉచ్చు. మూసేసిన ప్రతిసారీ ఆ పుస్తకం ఇంకాస్త భయంకరమవుతుంది.

దీనికి మందు చిన్న మోతాదులో తెరవడం. ఆ రెండింటిలో తేలికైన సబ్జెక్టు తీసుకుని, పగటిపూట, లైబ్రరీలో, పక్కన ఒక స్నేహితురాలిని కూర్చోబెట్టుకుని ఇరవై ఐదు నిమిషాలు. పాత ప్రశ్నపత్రంలో ఒకే ఒక్క ప్రశ్న. కడుపులో తిప్పినా టైము అయ్యేదాకా లేవకు, ఐదారు రోజులకి ఆ తిప్పడం తగ్గుతుంది. రాత్రి మంచం మీద ఆ సబ్జెక్టు ముట్టుకోవద్దు. బుర్రలో తిరిగే దిగుళ్ళన్నీ సాయంత్రం ఆరింటికి పావుగంట కూర్చుని కాగితం మీద రాసేయి: ఫీజు బాకీ, అటెండెన్స్ 75 శాతం రాదేమోనన్న భయం, చెరువులో రొయ్య పోయిందని నాన్న ఫోన్లో అన్నమాట, ఏదైనా. రాత్రి మళ్ళీ వస్తే 'రేపు ఆరింటికి' అని వాయిదా వెయ్యి. వినడానికి పిల్లచేష్టలా ఉంటుంది, పనిచేస్తుంది.

ఫోన్ గురించి మీ ఇంట్లో అన్నది సగం నిజం. పగలంతా క్లాసులు, ల్యాబులు, రికార్డులు పోగా రాత్రి పదకొండు తర్వాతే 'ఇది నా టైము' అనిపిస్తుంది. ఆ టైము వదులుకోబుద్ధి కాక రీల్స్ చూస్తూ రెండు చేస్తారు. కాబట్టి ఫోన్ లాక్కుంటే ఉపయోగం లేదు. సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర దాకా ఏ చదువూ లేని టైము ఖాయంగా పెట్టుకో. షటిల్ ఆడు, నడువు, స్నేహితులతో కబుర్లాడు. వారానికి కనీసం 150 నిమిషాలు వేగంగా నడవడం లాంటి వ్యాయామం ఉండాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఆ సరదా పగలే తీరితే రాత్రి ఫోన్ ఛార్జింగు గదిలో అవతలి మూలకి పెట్టడం అంత కష్టం కాదు.

ఇవన్నీ ఒంట్లో కాస్త ఓపిక మిగిలినవాళ్ళకి. రెండు వారాలుగా రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉన్నా, ఒకప్పుడు ఇష్టమైనవేవీ ఇష్టం లేకపోయినా, ఊరికే ఏడుపొస్తున్నా, 'నేను లేకపోతే వీళ్ళకి బాగుంటుంది' అన్న ఆలోచన ఒక్కసారైనా వచ్చినా, టైంటేబుళ్ళతో కుస్తీ పట్టకు. 14416 కి ఫోన్ చెయ్యి. టెలీమానస్ అని 2022 నుంచి నడుస్తున్న ప్రభుత్వ సేవ, రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బు ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. ఆ ఆలోచన గట్టిగా ఉంటే ఒంటరిగా ఉండకు, రూమ్‌మేట్‌ని లేపు, నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి. కాకినాడ జీజీహెచ్‌లో, అంటే ప్రభుత్వ పెద్దాసుపత్రిలో, మానసిక వైద్య విభాగం ఉంది. ఓపీ చీటీ రాయించుకుని వెళ్ళడమే. అక్కడ కూర్చున్నవాళ్ళని చూసి ఎవరైనా ఏమైనా అనుకుంటారేమోనని భయపడకు, వాళ్ళూ నీలాగే ఎవరూ చూడకూడదనుకుంటూ కూర్చుని ఉంటారు. డిప్రెషన్‌కి ఇచ్చే మందులు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. డాక్టరు చెప్పకుండా ఆపకూడదు. అవి నిద్రమాత్రల్లాంటివి కావు. అలవాటు పడేది ఆల్ప్రజోలం లాంటి మత్తు మాత్రలకి. స్నేహితురాలు ఇచ్చిందనో, షాపులో దొరికిందనో అవి ముట్టుకోవద్దు.

మీ కాలేజీలో కౌన్సెలర్ ఉన్నారో లేదో కనుక్కో. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హత ఉన్న కౌన్సెలర్‌ని పెట్టాలని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. విశాఖపట్నంలో కోచింగ్‌కి వచ్చిన ఒక విద్యార్థిని మరణం మీద వచ్చిన కేసు అది. లేరంటే అడిగే హక్కు నీకుంది.

ఈ ముక్క మీ నాన్నగారికి చూపించు. అయ్యా, మీ అమ్మాయి నటించడం లేదండి. ఎండోస్కోపీ దాకా తీసుకెళ్ళారంటే మీకు ఎంత ప్రేమో తెలుస్తూనే ఉంది. ఒక నెలరోజులు ఫోన్ చేసినప్పుడు మార్కులు, ప్లేస్‌మెంట్లు అడగొద్దండి. 'పడుకున్నావా, టిఫిన్ తిన్నావా' అని అడగండి, మీ కొబ్బరి తోట కబుర్లో, వీధిలో కబుర్లో చెప్పండి. బ్యాక్‌లాగ్‌ల సంగతి తనే ఎత్తితే వినండి, సలహా ఇవ్వకుండా వినడం కష్టమే, నాకూ కష్టమే.

ఇక నువ్వు, రేపు పొద్దున టిఫిన్ తినకముందు ల్యాబులో పరీక్షకి రక్తం ఇచ్చేసి రా. రిపోర్టులో హిమోగ్లోబిన్, ఫెరిటిన్, టీఎస్‌హెచ్, బీ12 అంకెలూ, ఈ నెలలో వేసుకున్న నొప్పి మాత్రల లెక్కా, రెండు వారాల పాటు ఏ రోజు ఎన్నింటికి పడుకుని ఎన్నింటికి లేచావో అదీ రాసి ఈ జవాబు కిందే పెట్టు. పేరు, కాలేజీ రాయకు. చూసి చెప్తాను.